అమెరికాలో మీరు అద్దెకున్న ఇల్లు ఫోర్‌క్లోజర్‌లో పడితే ఏం చేయాలి?

మీరు నెలనెలా అద్దె కడుతూనే ఉన్నా ఓనర్ బ్యాంకు వాయిదాలు ఎగ్గొట్టి ఉండొచ్చు, ఆ సంగతి తలుపుకి అంటించిన కాగితం చూశాకే తెలుస్తుంది. అలా ఎగ్గొట్టిన అప్పు వసూలుకి బ్యాంకు ఆ ఇంటిని వేలం వేయించడమే ఫోర్‌క్లోజర్. టెన్షన్‌లో సామాన్లు సర్దేయకండి. వేలం పూర్తయ్యేదాకా మామూలుగా ఓనర్ ఓనరే, అద్దె ఆపకండి. ఆపితే, బాకీ ఉన్నారన్న కారణంతోనే మిమ్మల్ని ఖాళీ చేయించొచ్చు. చెక్కుతో కట్టి రుజువులు దాచుకోండి.

తర్వాత ఇల్లు ఎవరి పేరున ఉందో చూడండి. కౌంటీ (మన జిల్లాలాంటిది) రికార్డర్ ఆఫీసులో డీడ్‌లు, అంటే ఇంటి యాజమాన్య పత్రాలు, ఎవరైనా చూడొచ్చు, చాలా కౌంటీల్లో ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. "ఇల్లు నేను కొన్నాను, ఇకనుంచి అద్దె నాకే పంపండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే, రికార్డయిన డీడ్ కాపీ చూసేదాకా ఒక్క డాలర్ కూడా పంపొద్దు. ఓనర్ క్విట్‌క్లెయిమ్ డీడ్ (ఇంటిమీద తన హక్కు ఇంకొకరికి వదులుకునే పత్రం) రాసి బంధువు పేరుకి మార్చినా బ్యాంకు అప్పు ఇంటిమీద అలాగే ఉంటుంది, కాబట్టి పేరు మారింది కదా, గండం గడిచిందని అనుకోకండి.

వేలం అయ్యాక మీకు అండగా ఉండేది 2009 నాటి ఫెడరల్ చట్టం, ప్రొటెక్టింగ్ టెనెంట్స్ ఎట్ ఫోర్‌క్లోజర్ యాక్ట్. 2014 చివర్లో దాని గడువు తీరిపోయింది, 2018లో శాశ్వతంగా తిరిగొచ్చింది. దీని ప్రకారం కొత్త ఓనర్, అది బ్యాంకే అయినా సరే, ఖాళీ చేయమనాలంటే కనీసం 90 రోజుల ముందు నోటీసివ్వాలి. లీజు ఇంకా మిగిలుంటే అది తీరేదాకా మీరు ఉండొచ్చు. కొన్నవాళ్లు తామే కాపురం ఉంటామంటే మాత్రం లీజు మధ్యలో ఆగుతుంది, అప్పుడు కూడా 90 రోజులు మీవే. నెలవారీ అద్దెవాళ్లకీ అంతే. అయితే మీరు అప్పు తీసుకున్న ఓనర్‌కి భార్యో, భర్తో, పిల్లలో, తల్లిదండ్రులో అయితే, లేదా అద్దె మార్కెట్ ధరకన్నా మరీ తక్కువైతే ఈ రక్షణ వర్తించదు (సర్కారు సబ్సిడీ వల్ల తగ్గిన అద్దెకి ఇబ్బంది లేదు). కొన్ని రాష్ట్రాలు ఇంకా ఎక్కువ గడువిస్తాయి, మీ రాష్ట్ర చట్టం కూడా చూడండి.

త్వరగా వెళ్లిపోతే డబ్బిస్తామని బ్యాంకు మనిషి రావచ్చు, దీన్ని క్యాష్ ఫర్ కీస్ అంటారు. ఒప్పుకోవడం మీ ఇష్టం. నన్నడిగితే, కొత్త ఇంటి అడ్వాన్సు, ట్రక్కు ఖర్చు, పాత డిపాజిట్ అన్నీ లెక్కేసి ఆ అంకె కాగితంమీద పెట్టించాకే తాళాలివ్వండి. కోర్టు ఆర్డర్ లేకుండా తాళం మార్చినా, కరెంటు తీయించినా స్థానిక సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పే 211 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి దగ్గర్లోని లీగల్ ఎయిడ్ (ఉచిత న్యాయసాయం) నంబరు అడగండి.