కుడివైపు అంటే ఎవరి కుడి?

ఫోనులో ఎవరికైనా వస్తువు జాడ చెప్పేటప్పుడు ముందు, వెనక, కుడి, ఎడమ అని ఊరికే అనేసి వదలకండి. కారుకు తనదంటూ ఒక ముఖం ఉంది కాబట్టి ‘కారు ముందు’ అంటే సాధారణంగా హెడ్‌లైట్లున్న వైపే అనుకుంటాం. చెట్టుకు ముఖం లేదు. ‘చెట్టు ముందు’ అనగానే మనకు కనబడే వైపునే దాని ముఖంగా మనసు ఊహించుకుంటుంది. వినే మనిషి చెట్టుకు అవతల నిలబడి ఉంటే ఆ ‘ముందు’ కాస్తా వెనక అయిపోతుంది.

కుర్చీతో మరీ చిక్కు. ‘కుర్చీకి కుడివైపు’ అంటే అందులో కూర్చున్నవారి కుడివైపా, ఎదురుగా నిలబడి చూసేవారి కుడివైపా? తాళంచెవులు అక్కడే ఉన్నాయని చెప్పి ఒకరిని అరగంట వెతికించిన ఘనత నాది.

అందుకే ‘కుర్చీకి, కిటికీకి మధ్య’ అనండి. లేదా ‘మీరు గుమ్మం దాటి లోపలికి వస్తుంటే మీ కుడిచేతి వైపు’ అని మనిషిని కూడా నిలబెట్టి చెప్పండి. ఆస్ట్రేలియాలో గూగు యిమిథిర్ భాష మాట్లాడేవారు పక్కనున్న చిన్న వస్తువుకు కూడా తూర్పు, పడమరలే వాడతారు. దిక్కులు బాగా తెలిసినవారితో మాట్లాడుతుంటే ఆ పద్ధతీ ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది.