కోతల్లో కంట్లో నలుసు పడితే స్టెరాయిడ్ చుక్కలు వేయకండి

మొన్న మా కంటి పరీక్ష కేంద్రానికి ఒకామెను తీసుకొచ్చారు. నూర్పిడి దగ్గర వడ్ల నలుసు కంట్లో పడి అప్పటికి ఆరు రోజులు. నల్లగుడ్డు మీద కందిగింజలో సగం ఉంది తెల్లమచ్చ. సంచిలోంచి చుక్కల సీసా తీసి చూపించింది, మెడికల్ షాపులో ఇచ్చారట. అందులో స్టెరాయిడ్ ఉంది.

కళ్లద్దాలు పెట్టుకోమని అందరూ చెబుతారు. నలుసు పడ్డాక సంగతి నేను చెబుతాను.

రెప్పల మీద బ్యాక్టీరియా ఎప్పుడూ ఉండేదే. నల్లగుడ్డు పైపొరలో కణాలు సందు లేకుండా అతుక్కుని ఉంటాయి కాబట్టి దానికి పట్టు దొరకదు. కొన్నిటిని కన్నీళ్లు చంపుతాయి, కొన్నిటిని రెప్ప ఊడ్చేస్తుంది. వడ్ల ముల్లు గీరితే ఆ పొర చిరుగుతుంది. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాకు వెంట్రుకల్లాంటి పోగులుంటాయి. గీత పడ్డచోట వాటితో అతుక్కుందంటే ఒకటి రెండు రోజుల్లోనే నల్లగుడ్డును కరిగించేయగలదు. పొలం నలుసుతో బూజు కూడా పట్టొచ్చు, అది నిదానంగా తింటుంది.

ఇప్పుడు అసలు తప్పు. స్టెరాయిడ్ చుక్కలు ఎరుపును తగ్గిస్తాయి, క్రిమిని చంపవు. పైగా క్రిమితో పోరాడే ఒంటి శక్తినే అణిచేస్తాయి. మంట తగ్గింది కదా అని మనిషి మళ్లీ కోతకు పోతాడు, లోపల పుండు లోతుకు దిగుతుంది. యాంటీబయాటిక్ చుక్కలే అని ఇచ్చిన సీసాలో కూడా ఇది కలిసి ఉండొచ్చు. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్: ఈ పేర్లు చిన్న అక్షరాల్లో ఉంటాయి, చదువుకున్న పిల్లల చేత చదివించుకోండి. కంటి డాక్టరు చూడకుండా స్టెరాయిడ్ చుక్కలు వేయొద్దు. పక్కింటాయనకు తగ్గినా సరే, వేయొద్దు.

నేపాల్‌లోని భక్తపూర్‌లో గీత పడ్డ కళ్లకు ఊరి ఆరోగ్య కార్యకర్తలే మూడు రోజులు యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ పెట్టారు. 18 గంటల్లోపు మొదలుపెట్టిన వాళ్లలో ఒక్కరికీ పుండు పడలేదు. రేపు చూద్దాంలే అనే ముందు ఆ 18 గంటలు గుర్తుపెట్టుకోండి.

నలపకండి. శుభ్రమైన నీళ్లతో కడగండి. గుచ్చుకుని ఉంటే పీకకండి. నాలుకతో తీయించుకోవద్దు, నోటి నిండా క్రిములే. చనుబాలు వద్దు, ఆకుపసరు వద్దు, ఆముదం వద్దు. కట్టు కట్టొద్దు. కాంటాక్ట్ లెన్సులుంటే తీసేయండి. కిందటేడాది సీసా అసలే వద్దు. తెల్లమచ్చ కనిపించినా, వెలుగు చూడలేకపోయినా, చూపు మసకైనా అదే రోజు వెళ్లండి, కోత మిషన్ వచ్చి నిలబడినా సరే. స్టెరాయిడ్ చుక్కలు ఇప్పటికే వేసేశారా? దాచకండి, సీసా వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.