దేశం మారిన డీవీడీలు ఆడాలంటే

సామాను బరువు తగ్గుతుందని, బయలుదేరే ముందు రోజు రాత్రి మా డీవీడీలన్నింటినీ ప్లాస్టిక్ పెట్టెల్లోంచి తీసి జిప్పు సంచిలో దోపాను. మొత్తం 94 డిస్కులు. ఖాళీ పెట్టెలు పాత కాగితాలతో పాటు పోయాయి. రికార్డింగ్ కూడా చేసే మా పెద్ద ప్లేయర్‌ను తమ్ముడికి ఇచ్చేశాను. రెండూ తెలివైన పనులే అనుకున్నాను.

కొత్త ఇంట్లో, కొత్తగా కొన్న ప్లేయర్‌లో మొదటి డిస్కు పెట్టాను. ట్రే మూసుకుంది, డిస్కు గిర్రున తిరిగింది, చప్పుడు ఆగిపోయింది. తెర మీద ఒక్కటే వాక్యం: రీజియన్ సరిపోలేదు. ఇంకో డిస్కు పెట్టాను, మళ్లీ అదే. మా ఆయన పక్క నుంచి "పాడైపోయినట్టున్నాయి, పారేద్దాం" అన్నారు. డిస్కులకేమీ కాలేదు. నేను దేశం మారాను, అవి మారలేదు, అంతే.

సినిమా ఒక్కో ప్రాంతంలో ఒక్కో తేదీన విడుదలయ్యే రోజుల్లో, ఒకచోట అమ్మిన డిస్కు ఇంకోచోట ఆడకూడదని నిర్మాణ సంస్థలు ప్రపంచాన్ని రీజియన్లు అనే ముక్కలు చేసి అంకెలు వేశాయి. 1 అంటే అమెరికా, కెనడా. 2లో ఐరోపా, జపాన్, మధ్యప్రాచ్యం, దక్షిణాఫ్రికా ఉన్నాయి. 3 ఆగ్నేయాసియా, దక్షిణ కొరియా, తైవాన్, హాంగ్‌కాంగ్. 4 ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, లాటిన్ అమెరికా. 5లో భారత్, రష్యా, ఆఫ్రికాలో చాలా భాగం. 6 చైనా. 7ను వాడకుండా అట్టే పెట్టారు. 8 విమానాలకు, ఓడలకు. డిస్కులోనూ ఈ అంకె ఉంటుంది, ప్లేయర్‌లోనూ ఉంటుంది. రెండూ కలవకపోతే ప్లేయర్ మొండికేస్తుంది. నేను 5 నుంచి 1కి వచ్చాను.

ఈ అంకె ఎక్కువగా పెట్టె వెనక, చిన్న భూగోళం బొమ్మ మీద అచ్చై ఉంటుంది. డిస్కు మీద ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. నేను పెట్టెలు పారేశానని చెప్పాను కదా! మీరింకా బయలుదేరకపోతే పెట్టెలు తెచ్చుకోకపోయినా ఫరవాలేదు, వెనక అట్టను ఒక్కోటీ ఫోనుతో ఫోటో తీసుకోండి. భూగోళం మీద 0 అని గానీ 'ఆల్' అని గానీ ఉన్నా, అసలు భూగోళమే లేకపోయినా, ఆ డిస్కుకు రీజియన్ తాళం ఉండకపోవచ్చు. భారతీయ సినిమాల డీవీడీలు చాలావరకు ఇలాంటివే.

అట్టలు లేవు కాబట్టి నేను ఒక ఆదివారమంతా కూర్చుని 94 డిస్కులనూ ఒక్కొక్కటిగా పెట్టి చూశాను. మీరూ ఏదైనా కొనేముందు ఈ పని చేయండి. విసుగే, కానీ చాలా ఖర్చు తప్పుతుంది. 28 డిస్కులు శుభ్రంగా ఆడాయి. 55 రీజియన్ దగ్గరే ఆగాయి. తొమ్మిదింటిలో మాట వినిపించింది గానీ బొమ్మ రంగు పోయి పైకి కిందికి దొర్లింది. మిగిలిన రెండింటికి 'డిస్కు లేదు' అని వచ్చింది, వాటి సంగతి చివర చెబుతాను. ఆడకపోవడం ఒకటే అయినా కారణాలు మూడన్నమాట. ఇది తెలియక ముందే దుకాణానికి వెళితే ఒక జబ్బుకు ఇంకో మందు తెచ్చుకుంటాం.

తమ్ముడు ఫోనులో "అక్కా, పాత ప్లేయర్ పంపించెయ్యనా" అన్నాడు. వెనక ఉన్న పట్టీని ఫోటో తీసి పంపమన్నాను. 220-240 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉంది. ఇక్కడి కరెంటు 120 వోల్టులు. అంటే ప్లగ్గు మార్చే చిన్న అడాప్టర్ చాలదు, వోల్టేజీ పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. వద్దన్నాను. ఆ పట్టీ మీద 100-240 వోల్టులు అని ఉంటే మాత్రం నిశ్చింతగా తెచ్చుకోవచ్చు, ప్లగ్గు ఆకారం ఒక్కటే మార్చుకుంటే సరిపోతుంది. 120 వోల్టుల ప్లేయర్‌ను 230 వోల్టుల దేశానికి తీసుకెళ్లి నేరుగా సాకెట్‌లో పెడితే మాత్రం కాలిపోవడం ఖాయం.

ఇక నేను చేసిన అసలు పొరపాటు. రీజియన్ దగ్గర ఆగిన 55 డిస్కుల్లో ఒకదాన్ని కంప్యూటర్‌లో పెట్టాను. డీవీడీ కోసం వేసుకున్న ప్రోగ్రాం మర్యాదగా అడిగింది: "ఈ డిస్కు ఆడాలంటే డ్రైవ్ రీజియన్ మార్చాలి, మార్చమంటారా?" సరేనని నొక్కాను. సినిమా ఆడింది! మర్నాడు ఇక్కడ కొన్న డిస్కు పెడితే మళ్లీ అదే ప్రశ్న. మళ్లీ సరే. ఆ సాయంత్రం మళ్లీ పాత డిస్కు. మూడోసారి సరే అన్నాక గానీ ఆ ప్రశ్న కింద చిన్న అక్షరాల్లో ఉన్న వరుస చదవలేదు: మిగిలిన మార్పులు 2. గుండె జారిపోయింది.

2000 నుంచి తయారైన కంప్యూటర్ డ్రైవులకు రీజియన్ మార్చే అవకాశం ఐదుసార్లే. ఐదోసారి ఏ అంకె దగ్గర ఆగితే అది ఇక దానికి పుట్టుమచ్చ. ఆ లెక్క డ్రైవ్‌లోనే నమోదై ఉంటుంది కాబట్టి విండోస్ తీసేసి మళ్లీ వేసినా, డ్రైవ్‌ను ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలించినా మారదు. మీ డ్రైవ్ ఎక్కడుందో చూడాలంటే విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, డీవీడీ డ్రైవ్ పేరు మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్‌లోకి వెళ్లండి. అక్కడ డీవీడీ రీజియన్ అనే పుటలో ఇప్పటి అంకె, మిగిలిన మార్పులు రెండూ కనిపిస్తాయి. చూసి మూసేయండి, ఏమీ నొక్కకండి.

డ్రైవ్ జోలికి పోకుండా ముందుగా ప్రయత్నించాల్సింది వీఎల్‌సీ అనే వీడియో ప్రోగ్రాం. ఉచితం, పైగా విండోస్ 8 నుంచి డీవీడీ ఆడించే సౌకర్యం విండోస్‌తో పాటు రావడం లేదు కాబట్టి ఏదో ఒకటి ఎలాగూ వేసుకోవాలి. వీఎల్‌సీ రీజియన్ గురించి అడగదు, తాళం చెవిని తనే వెతుక్కుంటుంది. అందుకే కొన్ని డిస్కులు తెరుచుకోవడానికి కాస్త సమయం పడుతుంది, కంగారుపడి బయటికి తీయకండి. నా 55లో చాలావాటిని ఇదే ఆడించింది. అయితే కొన్ని డ్రైవులు తమ రీజియన్ కాని డిస్కులోంచి ఒక్క అక్షరం కూడా బయటికి రానివ్వవు, వాటి ముందు వీఎల్‌సీ పప్పులు ఉడకవు. అప్పుడు మార్గం మరీ సులువైనది: యూఎస్‌బీతో తగిలించే డ్రైవ్ ఇంకొకటి కొని, దాన్ని పాత దేశపు అంకెకు ఒక్కసారి మార్చి, ఇక ముట్టుకోకుండా ఉండటం. నా దగ్గర ఇప్పుడు రెండున్నాయి. ఒకదాని మీద 5 అని, రెండోదాని మీద 1 అని కాగితం అంటించాను. మా ఆయనకు కూడా అర్థమయ్యే ఏర్పాటు ఇది.

ఇక్కడో మాట. చూడటం వేరు, తాళం విరిచి నకలు తీసుకోవడం వేరు. అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం ఇలాంటి తాళాలను దాటే సాధనాల మీద ఆంక్షలు పెట్టింది, వీఎల్‌సీ పద్ధతి కూడా ఈ వివాదానికి బయట లేదు. మీరున్న దేశపు చట్టం ఒకసారి చూసుకోండి. ఈ గొడవంతా వద్దనుకుంటే టీవీకి తగిలించే మల్టీ రీజియన్ ప్లేయర్ కొనుక్కోవడం మంచిది. మేమూ చివరకు అదే చేశాం.

కొనేటప్పుడు రెండు ప్రశ్నలు వేయాలి. అన్ని రీజియన్లూ ఆడుతుందా? దేశాన్ని బట్టి మారే రెండు టీవీ బొమ్మ పద్ధతులను, అంటే పాల్‌ను ఎన్‌టీఎస్‌సీగా, ఎన్‌టీఎస్‌సీని పాల్‌గా మారుస్తుందా? అమ్మేవాళ్లు మొదటిదానికి తలూపి ఊరుకుంటారు. రెండోది మీరే పట్టుబట్టి అడగాలి.

ఉన్న ప్లేయర్‌కే రిమోట్‌తో తాళం తీసే వీలు కొన్నిసార్లు ఉంటుంది. ట్రే తెరిచి, డిస్కు లేకుండా, ఫలానా అంకెలు వరుసగా నొక్కితే దాచిన మెనూ వస్తుంది. అందులో అన్ని రీజియన్లకూ కొన్నింటిలో 0, కొన్నింటిలో 9 పెట్టాలి. ఆ అంకెల వరుస మోడల్ మోడల్‌కూ మారుతుంది కాబట్టి ప్లేయర్ వెనక ఉన్న పూర్తి మోడల్ సంఖ్యతో వెతకండి. ఎవరో ఇచ్చిన ఫైలును ప్లేయర్‌లోకి ఎక్కించమనే సలహాలు కూడా కనిపిస్తాయి. అది సగంలో చెడితే ప్లేయర్ ఇటుకరాయే. నేనైతే ఆ జోలికి పోను.

0 పెట్టాక కూడా 1వ రీజియన్ డిస్కులు కొన్ని ప్రపంచ పటం చూపించి, ఈ ప్లేయర్‌లో ఆడనంటాయి. అన్నింటికీ సరేననే ప్లేయర్లను పసిగట్టడానికి 2000 ప్రాంతంలో పెట్టిన అదనపు కాపలా అది. దానికి విరుగుడు: 0 వదిలేసి కచ్చితంగా 1 పెట్టండి, నోరు మూసుకుని ఆడుతుంది.

ఇప్పుడు బొమ్మ దొర్లిన తొమ్మిది డిస్కులు. వాటికి రీజియన్ తాళమే లేదు, అవి పాల్ పద్ధతివి. పాల్‌లో నిలువునా 576 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. ఎన్‌టీఎస్‌సీలో 480 గీతలు, దాదాపు 30 ఫ్రేములు. పాల్ దేశాల టీవీలు సాధారణంగా రెండూ చూపిస్తాయి, ఎన్‌టీఎస్‌సీ దేశాల టీవీల్లో చాలావాటికి పాల్ కొరుకుడు పడదు. మా మల్టీ రీజియన్ ప్లేయర్ వచ్చాక కూడా బొమ్మ దొర్లుతూనే ఉంటే మోసపోయామనుకున్నాను. తీరా చూస్తే సెట్టింగుల్లో టీవీ సిస్టమ్ 'ఆటో' అని ఉంది. అంటే డిస్కులో ఉన్నది ఉన్నట్టు టీవీకి పంపిస్తుంది. దాన్ని 'ఎన్‌టీఎస్‌సీ' చేయాలి. చేద్దామంటే ఆ వరుస బూడిద రంగులో పడుకుని ఉంది, బాణం దాని మీదికి పోదు. పది నిమిషాలు రిమోట్ బ్యాటరీలను అనుమానించాక తెలిసింది, డిస్కు లోపల ఉండగా అది మారదట. డిస్కు తీశాను, మార్చాను, మళ్లీ పెట్టాను. బొమ్మ నిలబడింది.

పాల్‌లో ఇంకో తమాషా ఉంది. సెకనుకు 24 ఫ్రేములుగా తీసిన సినిమాను 25గా ఆడిస్తారు కాబట్టి నాలుగు శాతం త్వరగా అయిపోతుంది, రెండు గంటల సినిమా 115 నిమిషాలే. ఇక్కడ కొన్న డిస్కు పెట్టె మీద నిడివి ఎక్కువ ఉందని, అక్కడ కత్తెర వేశారని చాలా రోజులు తిట్టుకున్నాను. పాపం, ఎవరూ ఏమీ కోయలేదు. అన్నట్టు, ఆ సినిమాలో ఏళ్ల తరబడి విన్న గొంతు ఇక్కడి డిస్కులో జలుబు చేసినట్టు బరువుగా వినిపించింది. నిజానికి అసలు గొంతు ఇదే.

బ్లూ రేలు ఉంటే లెక్క వేరు. వాటికి అంకెలు కాదు, అక్షరాలు: ఏలో అమెరికా ఖండాలు, జపాన్, ఆగ్నేయాసియా. బీలో ఐరోపా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా. సీలో భారత్, చైనా, రష్యా. బ్లూ రే ప్లేయర్‌లో డీవీడీ తాళం తీసినంత మాత్రాన బ్లూ రే తాళం ఊడదు, రెండూ వేర్వేరు. 4కే అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు రీజియన్ బెడదే లేదు.

మిగిలినవి ఆ రెండు డిస్కులు. అవి బయట కొన్నవి కావు, మా పాత రికార్డర్‌లో ఇంటి కెమెరా టేపుల నుంచి నేనే ఎక్కించుకున్నవి. రీజియన్ లేదు, టీవీ సిస్టమ్ సరిచేశాను, అయినా 'డిస్కు లేదు' అనే అంటోంది. రికార్డర్‌లో రాసిన డిస్కును చివర్లో ఫైనలైజ్ చేయాలి, అంటే రాత ముగించి డిస్కును మూసేయాలి, లేకపోతే రాసిన యంత్రం తప్ప ఇంకొకటి దాన్ని గుర్తుపట్టకపోవచ్చు. నేను చేయలేదు. అందుకని రికార్డర్‌ను ఎవరికైనా ఇచ్చేసే ముందు ఇంట్లో రాసిన డిస్కులన్నీ ఒకసారి అందులో పెట్టి, మెనూలో ఫైనలైజ్ నొక్కి, పని అయ్యేదాకా కరెంటు తీయకుండా ఆగండి.

రెండింటినీ తమ్ముడికి పోస్టులో పంపాను. "అక్కా, ఇందులో అంతా నాన్న కుర్చీలో నిద్రపోతుంటే తీసినదేగా, దీనికోసమా ఇంత తతంగం" అని ఫోను చేశాడు. ఫైనలైజ్ చేసి పంపరా అన్నాను. మూడు వారాలకు వచ్చాయి, పెట్టగానే ఆడాయి.