స్క్వాడ్ గేమ్‌లో కిట్ తీసుకునే ముందు ఇది చూడండి

స్క్వాడ్ అనే యుద్ధం షూటింగ్ గేమ్ కొత్తగా ఆడేవాళ్ళు జాయిన్ అవ్వగానే స్కోప్ గన్నో రాకెట్ లాంచరో కనిపిస్తే ఠక్కున లాగేసుకుంటారు, అలా చేయకండి బాస్. టీమ్‌లో ఒక్కో స్క్వాడ్‌ (చిన్న గ్రూపు)లో 9 మందే, మంచి కిట్లు (ఒక్కో పాత్రకి ఇచ్చే ఆయుధాలు, సామాన్ల సెట్లు) లెక్క ప్రకారమే దొరుకుతాయి, అందుకే ముందు మైక్ ఆన్ చేసి "అన్నా, ఏ కిట్ తీసుకోమంటావ్?" అని లీడర్‌ని అడగండి.

ట్యాంకుల్ని పేల్చే హెవీ యాంటీ ట్యాంక్ కిట్ అయితే టీమ్ మొత్తానికి ఒకటో రెండో, అది మీరు తీసుకుని ఏదో మూలన స్నైపర్‌లా కూర్చుంటే అవతలి ట్యాంకు మనోళ్ళందర్నీ లేపేస్తది. వాడటం రాకపోతే వచ్చినవాళ్ళకి వదిలేయండి, తప్పేం లేదు.

మెడిక్ (గాయపడ్డవాళ్ళకి వైద్యం చేసేవాడు) అయితే అందరికంటే ముందు ఉరకొద్దు, మీరే పడిపోతే మిగతావాళ్ళకి పూర్తిగా నయం చేసేదెవరు? రైఫిల్‌మన్‌ని (మామూలు తుపాకీ సైనికుడిని) మాత్రం చిన్నచూపు చూడకండి ప్లీజ్, బుల్లెట్ల బ్యాగ్ ఉండేది ఆ కిట్‌లోనే, రాకెట్ కొట్టేవాడు అడక్కముందే వాడి పక్కన పెట్టండి. ట్యాంకు నడపాలంటే క్రూమన్ (వాహన సిబ్బంది) కిట్ కావాలి.

చచ్చి మళ్ళీ స్పాన్ అయ్యేటప్పుడు (గేమ్‌లోకి తిరిగి వచ్చేటప్పుడు) కిట్ మారుస్తుంటే ఒక్క మాట చెప్పండి, మెడిక్ ఉన్నాడనుకునే లీడర్ ప్లాన్ వేసుకుంటాడు.