ఇంగ్లీషులో కోలన్, సెమికోలన్, హైఫన్ సరిగ్గా పెట్టడం ఎలా?

ఇతరులు ఇంగ్లీషులో రాసినవి దిద్దడం నా పని. స్పెల్లింగ్ తప్పుల్ని ఇప్పుడు కంప్యూటరే పట్టేస్తోంది కాబట్టి, మెయిల్ అయినా రెజ్యూమే అయినా పెద్ద రిపోర్టు అయినా నా చేతికి వచ్చేసరికి మిగిలేవి చాలావరకు కోలన్ (:), సెమికోలన్ (;), హైఫన్ (-) అనే ఈ మూడు గుర్తుల తప్పులే. అవి కూడా మళ్లీ మళ్లీ అవే తప్పులు. వీటికి వ్యాకరణం మొత్తం నేర్చుకోనక్కర్లేదు, వరుసగా నాలుగు పనులు చేస్తే చాలు.

మొదటి పని: రాసేటప్పుడు ఈ మూడింటి జోలికి పోకండి. మొత్తం ఫుల్‌స్టాప్‌లు, కామాలతోనే రాసేసి, దిద్దేటప్పుడు మాత్రమే వీటిని తీసుకురండి. రాస్తూ రాస్తూ సెమికోలన్ పెట్టేవాళ్లు సగం ఆలోచన దగ్గరే పెట్టేస్తారు, ఆ తర్వాత వాక్యాన్ని దానికి అతికించడానికి తంటాలు పడతారు.

రెండో పని కోలన్, ఇది సులువు. కోలన్‌కి ముందున్నది విడిగా పూర్తి వాక్యం అయ్యుండాలి, అంతే. ‘బ్రింగ్ టూ థింగ్స్: ఎ పెన్ అండ్ ఎ ఫొటో’ సరైనది, ఎందుకంటే ‘బ్రింగ్ టూ థింగ్స్’ దగ్గర ఆపేసినా వాక్యం నిలబడుతుంది. ‘ది ఐటమ్స్ ఆర్: ఎ పెన్ అండ్ ఎ ఫొటో’ తప్పు, ‘ఆర్’ దగ్గర వాక్యం గాల్లో వేలాడుతోంది. ‘సచ్ యాజ్’, ‘ఇంక్లూడింగ్’ తర్వాత కూడా ఇదే కారణంతో కోలన్ రాదు. కోలన్‌కి ముందు ఖాళీ వదలకూడదు, తర్వాత ఒక్క ఖాళీ వదలాలి. తర్వాత వచ్చే మాట బ్రిటిష్ పద్ధతిలో మామూలుగా చిన్న అక్షరంతోనే మొదలవుతుంది. అమెరికన్ పద్ధతిలో కోలన్ తర్వాత పూర్తి వాక్యం వస్తే చాలామంది పెద్ద అక్షరం వాడతారు. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా దాన్నే పాటించండి. కోలన్ పక్కన ఒక హైఫన్ కూడా తగిలించే పాత అలవాటు ఉంది చూశారా, శీర్షికల పక్కన పెడుతుంటారు, దాన్ని దయచేసి మానేయండి. కోలన్ ఒక్కటే ఆ పని చేస్తుంది.

మూడో పని సెమికోలన్. వెనిస్‌లో ఆల్డస్ మనూటియస్ అనే ప్రచురణకర్త 15వ శతాబ్దం చివర్లో దీన్ని అచ్చులోకి తెచ్చాడు, అప్పటినుంచీ జనం దీన్ని చూసి భయపడుతూనే ఉన్నారు. భయం అక్కర్లేదు. సెమికోలన్ పెట్టాలనుకున్న చోట ఫుల్‌స్టాప్ పెట్టి చూడండి. రెండు పక్కలా పూర్తి వాక్యాలు మిగిలి, వాటి అర్థాలకు దగ్గరి సంబంధం ఉంటే సెమికోలన్ పెట్టవచ్చు: ‘ద రిపోర్ట్ ఈజ్ రెడీ; ద చార్ట్స్ ఆర్ నాట్.’ ఒక పక్క సగం వాక్యమే మిగిలితే అక్కడ కావాల్సింది కామా. ‘హవెవర్’, ‘దేర్‌ఫోర్’ లాంటివి రెండు వాక్యాల్ని కలిపితే వాటికి ముందు సెమికోలన్, తర్వాత కామా రావాలి: ‘ద సర్వర్ ఈజ్ డౌన్; హవెవర్, ద డేటా ఈజ్ సేఫ్.’ ఇక్కడ ముందు కామాతో సరిపెట్టేయడమే నేను ఎక్కువగా దిద్దే తప్పు. జాబితాలోని అంశాల్లోనే కామాలు ఉన్నప్పుడు కూడా సెమికోలన్ పనికొస్తుంది: ‘పారిస్, ఫ్రాన్స్; రోమ్, ఇటలీ; అండ్ మాడ్రిడ్, స్పెయిన్.’ ఇలాంటి జాబితాలు వదిలేస్తే, ఒక పేరాకి ఒక్క సెమికోలన్ మించకూడదు.

చాలామంది ఇప్పటికీ ‘చదివేటప్పుడు ఎంతసేపు ఆగుతామో చూడు’ అని నేర్పుతారు. కామాకి ఒక లెక్క, సెమికోలన్‌కి రెండు, కోలన్‌కి మూడు అని పాత వ్యాకరణ పుస్తకాల్లో ఉండేది. గట్టిగా చదివి వినిపించే రోజుల్లో దానికి అర్థం ఉందేమో గానీ, ఒక్కొక్కరు ఒక్కోచోట ఊపిరి తీసుకుంటారు కదా. ఫుల్‌స్టాప్ పరీక్షకి మాత్రం ఎవరు పెట్టినా ఒకే జవాబు వస్తుంది, అందుకే నేను దాన్నే నమ్ముతాను.

నాలుగో పని హైఫన్. ఇక్కడ తొందరపడకండి. తెలుగులో సమాసం చేస్తే మాటలు మామూలుగా కలిసిపోతాయి. ఇంగ్లీషులో చాలా మాటలు విడివిడిగానే నిలబడతాయి, కాబట్టి ఏది ఏ మాటతో జత కట్టిందో చెప్పే బాధ్యత హైఫన్ మీద పడుతుంది. ‘ట్వెంటీ ఫోర్ అవర్ షిఫ్ట్స్’ తీసుకోండి. ‘ట్వెంటీ ఫోర్-అవర్ షిఫ్ట్స్’ అంటే నాలుగేసి గంటల షిఫ్టులు ఇరవై. ‘ట్వెంటీ-ఫోర్ అవర్ షిఫ్ట్స్’ అంటే గంట షిఫ్టులు ఇరవై నాలుగు. ‘ట్వెంటీ-ఫోర్-అవర్ షిఫ్ట్స్’ అంటే ఒక్కో షిఫ్టు రోజంతా. మాటలు అవే, జీతాలు మాత్రం మారిపోతాయి.

అందుకని ముందు నామవాచకం ఎక్కడుందో వెతకండి. రెండు మూడు మాటలు కలిసి ఒకే విశేషణంగా దాని ముందు నిలబడితే హైఫన్ పెట్టాలి, అవే మాటలు దాని తర్వాత వస్తే సాధారణంగా అక్కర్లేదు. ‘ఎ వెల్-నోన్ రైటర్’కి హైఫన్ కావాలి, ‘ద రైటర్ ఈజ్ వెల్ నోన్’కి వద్దు. వయసులు, కాలాలు రాసేటప్పుడు ఇంకా జాగ్రత్త: ‘ఎ ఫైవ్-ఇయర్-ఓల్డ్ బిల్డింగ్’లో రెండు హైఫన్లూ ఉండాలి, ‘ఇయర్’ ఏకవచనంలోనే ఉండాలి. ఒక హైఫన్ పెట్టి రెండోది వదిలేస్తే అసలు పెట్టనిదానికన్నా అధ్వానం. ‘ద బిల్డింగ్ ఈజ్ ఫైవ్ ఇయర్స్ ఓల్డ్’ అన్నప్పుడు హైఫన్లు పోతాయి, ‘ఇయర్స్’ బహువచనం అవుతుంది.

‘లీ’తో ముగిసే క్రియావిశేషణాల తర్వాత హైఫన్ పెట్టకండి: ‘న్యూలీ బిల్ట్ హౌస్’, ‘హైలీ పెయిడ్ జాబ్’. ‘న్యూలీ’ ‘బిల్ట్’తో తప్ప వేరే దేనితోనూ కలవలేదు, అనుమానానికి చోటే లేదు. అలాగని ‘లీ’ కనబడగానే హైఫన్ తీసేయకండి, ‘ఫ్యామిలీ’ క్రియావిశేషణం కాదు కాబట్టి ‘ఫ్యామిలీ-ఓన్డ్ బిజినెస్’కి హైఫన్ ఉండాల్సిందే. కాంట్రాక్టు మీద మళ్లీ సంతకం చేస్తానని రాసేటప్పుడు ‘రీ-సైన్’లో హైఫన్ మరిచిపోతే అదే స్పెల్లింగ్ ‘రిజైన్’ అవుతుంది, అవతలివాళ్లు మీరు రాజీనామా చేస్తున్నారనుకుంటారు.

రెండు మాటలు కలిసి నామవాచకమే అయినప్పుడు సూత్రం పనిచేయదు, డిక్షనరీ చూడాలి. అది కూడా కొత్త డిక్షనరీయే చూడండి. షార్టర్ ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ 2007 ముద్రణలో సుమారు 16,000 మాటలకు హైఫన్లు తీసేశారు. ‘ఐస్ క్రీమ్’ రెండు మాటలైంది, ‘బంబుల్‌బీ’ ఒక్క మాటైంది. పాత పుస్తకం పట్టుకుని వాదించేవాళ్లతో నాకు ఓపిక లేదు.

అన్నీ అయ్యాక కంప్యూటర్‌లో కంట్రోల్, ఎఫ్ నొక్కి హైఫన్ గుర్తుని ఒక్కోటీ వెతుకుతూ వెళ్లండి. రెండు పక్కలా ఖాళీ ఉన్నది కనబడితే అది హైఫన్ చేయాల్సిన పని కాదు, డాష్ చేయాల్సిన పని. డాష్ పొడవుగా ఉండే వేరే గుర్తు. విండోస్‌లో ఆల్ట్ పట్టుకుని, కుడిపక్క అంకెల కీల మీద 0150 కొడితే చిన్న డాష్, 0151 కొడితే పెద్ద డాష్ వస్తాయి. ‘2010–2015’ లాంటి సంవత్సరాల మధ్య ఉండాల్సింది కూడా ఆ చిన్న డాషే.