ఊరిని చదవడం – 4వ పాఠం: నోర్డ్‌లింగెన్ గుండ్రటి గోడ

మొదటి మూడు పాఠాల్లో పటంలో దిక్కులు, స్కేలు చూసుకోవడం నేర్చుకున్నాం. ఎత్తుపల్లాల గీతలు చదివాం. ఊరి పేరులో చివరి ముక్కని బట్టి ఆ ఊరు ఏ కాలంనాటిదో అంచనా వేశాం. ఇవాళ ఆ మూడింటినీ ఒకే ఊరి మీద వాడబోతున్నాం. ఆ ఊరు దక్షిణ జర్మనీలో, బవేరియా రాష్ట్రంలో ఉన్న నోర్డ్‌లింగెన్. జనాభా ఇరవై వేల పైచిలుకు. మ్యూనిక్, న్యూరెంబర్గ్, స్టుట్‌గార్ట్ అనే మూడు పెద్ద నగరాలకి నడుమన ఉంటుంది.

ఫోన్‌లో మ్యాప్ తెరిచి ఉపగ్రహ చిత్రం పెట్టుకోండి. ఒక తెల్లకాగితం, పెన్సిలు పక్కన ఉంచుకోండి. ఆగి చూడమన్న చోట నిజంగానే ఆగి చూడండి. జవాబు కోసం కింది పేరాకి దూకేస్తే ఈ విద్య పట్టుబడదు.

ముందు పేరు పలుకుదాం. జర్మన్ రాతలో ఇందులోని 'ఓ' అక్షరం మీద రెండు చుక్కలుంటాయి. పెదాలు 'ఒ' అనడానికి చుట్టినట్టు చుట్టి, లోపల నాలుకతో 'ఎ' అనండి. ఆ రెండింటి మధ్య వచ్చే ధ్వనే అది. తెలుగులో దానికి అక్షరం లేదు కాబట్టి 'నోర్డ్' అని రాస్తున్నాను. చివర ఉన్న 'ఇంగెన్' మూడో పాఠంలో చూసిందే: ఫలానా వాడి మనుషులు ఉండే చోటు అని. ఇలాంటి పేర్లు అలమాన్నీ అనే పాత జర్మానిక్ తెగలు ఈ ప్రాంతంలో స్థిరపడిన కాలంనాటివి. ఈ ఊరి పేరు రాతలో మొదట కనిపించేది 898లో.

దూరం నుంచి చూపు

మ్యాప్‌ని బాగా వెనక్కి లాగండి. తెర మీద ఓ నలభై కిలోమీటర్ల మేర పట్టాలి. ఇప్పుడు ఆగి చూడండి. ఏ రంగు ఎక్కడుంది?

ముదురాకుపచ్చ అడవులు అంచుల్లో గుండ్రంగా చుట్టి ఉంటాయి. నడుమ లేతరంగు పొలాలు, వాటి మధ్య చుక్కల్లా పల్లెలు. భోజనం పళ్లెం లాంటి ఈ మైదానం పేరు రీస్. వ్యాసం సుమారు 25 కిలోమీటర్లు. ఎత్తుపల్లాల పటం పెట్టుకుంటే సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. లోపల గీతలు దూరదూరంగా ఉంటాయి, అంటే నేల చదును. అంచుకి రాగానే గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు దగ్గరకొస్తాయి. పళ్లెం అంచు అడుగుకన్నా వంద నుంచి నూట యాభై మీటర్ల ఎత్తుంటుంది.

ఇక్కడే అసలు పాఠం మొదలవుతుంది. పటంలో ఏదైనా గీత మరీ తీరుగా కనిపిస్తే, దాన్ని ఎవరు గీశారని అడగాలి. నది గీసే లోయలు పొడుగ్గా, వంకరటింకరగా ఉంటాయి. మనుషులు గీసే గుండ్రాలు ఇంత పెద్దగా ఉండవు. మరి ఇది?

అగ్నిపర్వతం పనే అయ్యుంటుందని భూగర్భ శాస్త్రవేత్తల్లో చాలామంది చాలాకాలం నమ్మారు. ఇక్కడ దొరికే బూడిదరంగు రాయి చూడటానికి అగ్నిపర్వతపు రాయిలాగే ఉంటుంది మరి. 1960లో యూజీన్ షూమేకర్, ఎడ్వర్డ్ చావ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు ఈ రాయిలో కోయసైట్ అనే ఖనిజాన్ని గుర్తించారు. మామూలు ఇసుకలో ఉండే క్వార్ట్జే విపరీతమైన ఒత్తిడికి నలిగి అలా మారుతుంది. అంత ఒత్తిడి నేలపైన అగ్నిపర్వతంతో పుట్టదు, ఆకాశం నుంచి ఏదైనా పడితే పుడుతుంది. సుమారు కోటీ యాభై లక్షల ఏళ్ల కిందట, కిలోమీటరుకి పైగా అడ్డకొలత ఉన్న గ్రహశకలం ఒకటి ఇక్కడ పడింది. మీరు చూస్తున్న పళ్లెం ఆ దెబ్బ మిగిల్చిన గుంట. తర్వాత అందులో చెరువు నిండింది, బురద పేరుకుంది, గాలి మోసుకొచ్చిన మెత్తటి మట్టి పైన పరుచుకుంది. అందుకే ఇది మంచి ధాన్యపు నేల. పళ్లెంలో పొలాలు, అంచున అడవి ఎందుకున్నాయో ఇప్పుడు మీరే చెప్పగలరు.

ఒక్క సంగతి కాగితం మీద గుర్తు పెట్టుకోండి. ఊరు కూడా గుండ్రంగానే ఉంటుంది కాబట్టి అది గుంటకి సరిగ్గా నడిమధ్యన ఉందని చాలామంది అనుకుంటారు. స్కేలు పెట్టి కొలవండి. ఊరు మధ్యకి నైరుతిగా జరిగి ఉంది. ఈ రెండు గుండ్రాలకీ సంబంధం లేదు. పెద్దదాన్ని ఆకాశం గీసింది, చిన్నదాన్ని మనుషులు గీశారు.

గోడ, ద్వారాలు

ఇప్పుడు ఊరి మీదకి రండి. పాత ఊరిని చుట్టి ఎర్రపెంకుల కప్పుతో ఒక గీత కనిపిస్తుంది. అదే కోటగోడ. పొడవు 2.7 కిలోమీటర్లు. ఎక్కడా తెగకుండా చుట్టూ నడిచి రావచ్చు. జర్మనీలో చాలా ఊళ్లు 19వ శతాబ్దంలో రోడ్ల కోసం, కొత్త ఇళ్ల కోసం గోడలు కూల్చేసుకున్నాయి. ఇలా పూర్తిగా మిగిలినవి చాలా తక్కువ.

ద్వారాలు లెక్కపెట్టండి. అయిదు రావాలి: బాల్డింగర్ టోర్, లోప్సింగర్ టోర్, డైనింగర్ టోర్, రైమ్‌లింగర్ టోర్, బెర్గర్ టోర్. 'టోర్' అంటే ద్వారం. ఒక్కో ద్వారం మీద వేలు పెట్టి, బయటికి పోయే రోడ్డు పట్టుకుని వెళ్లండి. బాల్డింగెన్, లోప్సింగెన్, డైనింగెన్, రైమ్‌లింగెన్ అనే పల్లెలు వరసగా తగులుతాయి. ఏ ద్వారం ఏ పల్లెకి దారి తీస్తే దానికి ఆ పేరే పెట్టారు. మనం ఫలానా ఊరి రోడ్డు అంటామే, అలాగన్నమాట. నాలుగు పల్లెల పేర్లలోనూ ఆ 'ఇంగెన్' ఉంది చూడండి. బెర్గర్‌లోని 'బెర్గ్' అంటే కొండ. పుస్తకం లేకుండా, ఒక్క పటంతో ఊరి పాత దారులన్నీ మీ చేతికి వచ్చేశాయి.

మళ్లీ లోపలికి రండి. గోడకీ నడిమి చర్చికీ మధ్యలో ఇంకో గుండ్రటి వీధి వరస కనిపించాలి. కనిపించకపోతే టెన్షన్ పడకండి. నాకూ మొదటిసారి కనిపించలేదు. వీధుల పేర్లు తీసేసి, ఉత్త ఇళ్ల కప్పులే చూస్తే దొరుకుతుంది. పెన్సిలుతో ఆ గీత గీయండి. 13వ శతాబ్దంలో కట్టిన మొదటి గోడ అక్కడుండేది. ఊరు దాన్ని దాటి పెరిగింది. 1327లో చక్రవర్తి లుడ్విగ్ ఆజ్ఞతో బయటి పేటలన్నీ కలిసొచ్చేలా కొత్త గోడ మొదలుపెట్టారు. చెట్టు మాను కోస్తే లోపల వలయాలు కనిపించినట్టు, ఊరి వయసు ఈ రెండు గీతల్లో కనిపిస్తుంది.

రెండు వలయాల మధ్య ఎవరుండేవారు? వీధి పేర్లు చదవండి. ఉత్తరాన ఏగర్ అనే చిన్న ఏరు ఊళ్లోంచి పారుతుంది. దాని పక్కన గేర్బర్‌గాసె ఉంది. 'గేర్బర్' అంటే తోళ్లు ఊనేవాడు, 'గాసె' అంటే సందు. తోళ్ల పనికి నీళ్లు కావాలి. ఆ వాసన ఊరి పెద్దల ఇళ్ల దాకా రాకూడదు. అందుకే ఏటి ఒడ్డున, పాత గోడకి అవతల వాళ్లకి చోటిచ్చారు.

దగ్గరగా రెండు వస్తువులు

మొదటిది చర్చి రాయి. సెయింట్ జార్జ్ చర్చిని 1427లో మొదలుపెట్టి 1505 నాటికి ముగించారు. దాని గోపురాన్ని ఊళ్లోవాళ్లు ముద్దుగా డానియేల్ అని పిలుస్తారు. ఎత్తు 90 మీటర్లు, పైకి 350 మెట్లు. గోడకి మొహం ఆనించినంత దగ్గరగా వెళ్లి చూస్తే, బూడిదరంగు రాయిలో గోరంత, వేలంత నల్లటి గాజు ముక్కలు ఇరుక్కుని కనిపిస్తాయి. గ్రహశకలం పడ్డప్పుడు కరిగి, ఎగిరిపడి, చల్లారిన రాయే ఆ గాజు. ఈ రాయి పేరు స్యూవైట్. ఈ ప్రాంతాన్ని స్వేబియా అంటారు, ఆ మాటకున్న లాటిన్ రూపం నుంచే రాయికి ఈ పేరు వచ్చింది. కంటికి కనిపించనంత చిన్న వజ్రాలు కూడా ఇందులో ఉన్నాయి. కట్టినవాళ్లకి ఇవేవీ తెలియవు. దగ్గర్లో దొరికే రాయి, చెక్కడానికి వీలుగా ఉండే రాయి అని వాడుకున్నారు. 1970 ఆగస్టులో అపోలో 14 వ్యోమగాములు చంద్రుడి మీద రాళ్లు ఎలా ఏరాలో నేర్చుకోవడానికి ఈ మైదానానికే వచ్చారు.

రెండోది రాట్‌హౌస్, అంటే పురపాలక భవనం. దాని బయట 1618 నాటి రాతి మెట్ల వరస ఉంది. పైకెక్కే ముందు మెట్ల కింద ఉన్న చిన్న తలుపు దగ్గర ఆగండి. తప్పు చేసినవాళ్లని ఆ గదిలో పెట్టేవారు. పక్కన రాతిలో ఒక విదూషకుడి బొమ్మ చెక్కి ఉంది. దాని మీద పాత జర్మన్‌లో ఒక మాట: 'ఇప్పుడు మనం ఇద్దరం'. ఆగి చూసినవాడితోనే అంటోంది ఆ బొమ్మ. పైన సభలో కూర్చునేవాళ్లూ, కింద గదిలో పడ్డవాళ్లూ ఒకే మెట్ల వరసకి ఇటూ అటూ ఉండేవాళ్లు. ఈ ఊరి పాలన గురించి ఈ మెట్లు చెప్పినంత సూటిగా నాకు వేరే ఏదీ చెప్పలేదు.

ఎవరి మాట చెల్లింది

1215లో చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ ఈ ఊరిని రేగెన్స్‌బుర్గ్ బిషప్ దగ్గర్నుంచి తీసుకున్నాడు. అలా ఇది స్వేచ్ఛా నగరం అయింది. అంటే మధ్యలో జమీందారూ దొరా లేకుండా నేరుగా చక్రవర్తికే జవాబుదారీ. పన్ను, న్యాయం, కాపలా అన్నీ ఊరి సభ చేతిలోనే. 1219 నాటికే ఇక్కడి పెంతెకొస్తు సంత ప్రస్తావన ఉంది. ధాన్యం, బట్ట, తోళ్లు కొనడానికి దూరదూరాల నుంచి వచ్చేవారు.

ఇంత స్వేచ్ఛ ఉన్న ఊరికి చుట్టుపక్కల దొరల భయం ఎప్పుడూ ఉండేది. 1440లో ఓటింగెన్ దొర కాపలావాళ్లకి లంచమిచ్చి ద్వారం తెరిపించాడనీ, ఒక పంది ఆ తలుపుకి ఒళ్లు రుద్దుకుంటుంటే అటుగా పోతున్న ఒకావిడ చూసి 'జో, గ్సెల్, జో!' అని అరిచిందనీ, దాంతో ఊరు మేలుకుందనీ కథ చెబుతారు. 'ఓహో, అలాగా నేస్తం!' అన్నట్టు. ఇవాళ్టికీ రాత్రి పది నుంచి పన్నెండు దాకా, ప్రతి అరగంటకీ, డానియేల్ గోపురం మీద కాపలాదారు అదే కేక వేస్తాడు.

సభ చేతిలో ఉన్న అధికారం ఊరిని కాపాడిన రోజులున్నాయి, ఊరినే కాల్చిన రోజులూ ఉన్నాయి. 16వ శతాబ్దం చివర్లో మంత్రగత్తెలన్న నెపంతో ఈ సభే 34 మంది ఆడవాళ్లని, ఒక మగవాణ్ని చంపించింది. పూటకూళ్ల ఇల్లు నడిపే మరియా హోల్‌ని 1593, 1594లలో 62 సార్లు హింసించారు. ఆమె ఒప్పుకోలేదు. ఉల్మ్ నగరం అడ్డుపడటంతో చివరికి విడిచిపెట్టారు. ఇప్పుడు ఊళ్లో ఆమె పేరుతో ఒక ఫౌంటెన్ ఉంది. పటంలో వెతికి గుర్తు పెట్టండి.

1634 సెప్టెంబరులో, యూరప్ రాజ్యాల మధ్య సాగిన ముప్ఫై ఏళ్ల యుద్ధంలోని పెద్ద పోరు ఒకటి ఈ ఊరి దక్షిణపు గుట్టల మీద జరిగింది. స్వీడన్ సైన్యం ఓడిపోయింది. ఆ తర్వాత ఊరు మునుపటిలా పుంజుకోలేదు. 1803తో స్వేచ్ఛా నగరం హోదా పోయి, ఊరు బవేరియాలో కలిసింది. 1849లో రైలు వచ్చింది. స్టేషన్ గోడకి లోపల ఉందో బయట ఉందో, ఎందుకో, మీరే చూసి కాగితం మీద ఒక వాక్యం రాయండి.

పటంలో కనిపించని గీతలు

పాలన గీతలు నేల మీద కనిపించవు. కానీ కారు నంబరు ప్లేటు మీద కనిపిస్తాయి. 1972 దాకా నోర్డ్‌లింగెన్ ఏ జిల్లాకీ చెందకుండా తన పాలన తనే చూసుకునేది. ఆ ఏడాది బవేరియా జిల్లాల హద్దులు మార్చింది. ఊరు ఇప్పటి డోనౌ-రీస్ జిల్లాలో చేరింది. జిల్లా కేంద్రం మాత్రం డోనౌవోర్ట్ అయింది. ప్లేట్ల మీద ఆ ఊరి అక్షరాలే వచ్చాయి. 2013 నుంచి కావలసినవాళ్లు మళ్లీ నోర్డ్‌లింగెన్ పాత అక్షరాలు పెట్టుకోవచ్చు. ఊళ్లో నడిచేటప్పుడు ఏ ప్లేటు ఎన్నిసార్లు కనిపిస్తోందో లెక్కపెట్టండి. ఊరి మీద మమకారం ఎంతుందో తెలుస్తుంది. బాల్డింగెన్, లోప్సింగెన్ పల్లెలు ఇప్పుడు నోర్డ్‌లింగెన్‌లో భాగాలే. డైనింగెన్, రైమ్‌లింగెన్ మాత్రం ఇప్పటికీ విడి పంచాయతీలు.

బవేరియాలో పురపాలక ఎన్నికలు ఆరేళ్లకోసారి జరుగుతాయి. మేయర్‌ని జనమే నేరుగా ఎన్నుకుంటారు. ఇరవై వేలు దాటి ముప్ఫై వేల లోపు జనాభా ఉన్న ఊరికి చట్టప్రకారం 30 మంది సభ్యుల సభ. ఓటరుకి కూడా అన్నే ఓట్లు. ఒక్కొక్కరికి మూడు దాకా వేయొచ్చు, వేర్వేరు పార్టీల వాళ్లకి పంచొచ్చు. అందుకే ఓటు కాగితం బల్లంత ఉంటుంది. చదువుకో ఉద్యోగానికో వెళ్లిన మనవాళ్లకి ఈ ఓటు లేదు. జర్మన్ పౌరులకీ, యూరోపియన్ యూనియన్ పౌరులకే ఉంది. కానీ ఇల్లు మారిన రెండు వారాల్లో పేరు నమోదు చేయించుకున్నాక మీరూ ఆ ఊరివాళ్లే. మేయర్ ఏడాదికి ఒకసారైనా పౌరసభ పెట్టాలని చట్టం. అక్కడికి వెళ్లండి. ఊరివాళ్లుగా మీకూ అడిగే వీలుంటుంది. వీధిదీపాల దగ్గర్నుంచి బస్సు వేళల దాకా అన్నీ అక్కడ మాట్లాడతారు.

ఇంటి పని

ఉత్తరానికి సుమారు ముప్ఫై కిలోమీటర్ల దూరంలో డింకెల్స్‌బ్యూల్ అనే మరో గోడ ఊరుంది. దానికి నాలుగు ద్వారాలు: వోర్నిట్స్, నోర్డ్‌లింగర్, సెగ్రింగర్, రోటెన్‌బుర్గర్. ఏ ద్వారం ఎటు పోతుందో చూసి రాయండి. ఈ నాలుగింటిలో ఒక పేరు ఊరిది కాదు. అది దేని పేరో, ఆ వైపు గోడ అవతల ఏముందో పటంలో కనుక్కోండి. తర్వాత సెగ్రింగెన్ పల్లె దాకా వేలితో నడిచి వెళ్లి, దారిలో తగిలిన పేర్ల చివరి ముక్కలన్నీ వరసగా రాసుకోండి. 5వ పాఠం ఆ కాగితంతోనే మొదలవుతుంది.