చివరి మూవింగ్ హెడ్లు వాటంతటవే తిరుగుతుంటే

వినాయక చవితి స్టేజీకి పార్ లైట్లు, నాలుగు మూవింగ్ హెడ్లు (తల తిప్పే లైట్లు), ఒక స్మోక్ మెషిన్ కట్టాం. ఎవరూ కంట్రోలర్ మీది ఫేడర్ (జరిపే మీట) ముట్టకుండానే చివరి రెండు హెడ్లు తలలు తిప్పడం మొదలుపెట్టాయి. లైట్లే పోయాయన్నారు అందరూ. వాటిని లైన్‌లో (ఒక లైట్ నుంచి ఇంకో లైట్‌కు సాగే కంట్రోల్ కేబుల్ వరుసలో) ముందుకు మార్చాను. ఇప్పుడవి బుద్ధిగా ఉన్నాయి, చివరికి వెళ్లినవి ఆడుతున్నాయి. అంటే తేడా లైన్‌లోనే ఉంది.

అద్దెకిచ్చినవాళ్లు పంపింది మైక్ కేబుల్. ఎక్స్‌ఎల్‌ఆర్ (మైక్‌కు వాడే కనెక్టర్) పిన్నులు సరిపోతాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ డీఎమ్‌ఎక్స్ (లైట్లకు ఆదేశాలు మోసే) సిగ్నల్ సెకనుకు 250 కిలోబిట్ల వేగంతో వెళ్తుంది, దానికి 120 ఓమ్‌ల డేటా కేబుల్ కావాలి. పైగా లైన్ చివర సిగ్నల్ గోడకు తగిలిన బంతిలా వెనక్కి వస్తుంది. కొత్త కేబుల్ తెప్పించేలోపు, అలా వెనక్కి రాకుండా ఒక మేల్ ఎక్స్‌ఎల్‌ఆర్‌లో 2, 3 పిన్నుల మధ్య 120 ఓమ్‌ల రెసిస్టర్ (బ్రౌన్, రెడ్, బ్రౌన్ గీతలది) సోల్డర్ చేసి చివరి లైట్ అవుట్‌లో గుచ్చాను. చాలావరకు తగ్గింది. కేబుల్ మారాక పూర్తిగా ఆగింది.

స్మోక్ మెషిన్‌ది వేరే గొడవ. అడ్రస్ (అది వినే మొదటి ఛానెల్ నంబర్) 20తో వచ్చింది. హెడ్లు ఒక్కోటి 16 ఛానెళ్లు తీసుకుంటాయి, వాటి అడ్రస్‌లు: 1, 17, 33, 49. 20 రెండో హెడ్ ఛానెళ్లలోనే పడుతుంది కాబట్టి దాన్ని కదిపితే పొగ వచ్చేది! స్మోక్ మెషిన్‌ను 65కి మార్చాను. ఇంకో మాట, వై కేబుల్‌తో (ఒకటి రెండుగా చీలే కేబుల్) లైన్ చీల్చొద్దు, స్ప్లిటర్ (డీఎమ్‌ఎక్స్ సిగ్నల్‌ను విడివిడి లైన్లుగా పంచే పెట్టె) వాడండి.